బొగ్గు షేర్లు అమ్మేసి సోలార్‌లో పెట్టమంటున్నాడు మా అబ్బాయి

ప్రశ్న: ఇబ్రహీంపట్నం వీటీపీఎస్ (థర్మల్ విద్యుత్ కేంద్రం)లో బొగ్గు విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. భవానీపురంలో సొంత డాబా ఉంది. పెన్షన్‌తో ఇల్లు గడిచిపోతుంది. బ్యాంకు డిపాజిట్లు 25 లక్షలు, కోల్ ఇండియా, ఓఎన్‌జీసీ షేర్లు ఇప్పటి ధరలో 18 లక్షలు ఉన్నాయి. కోల్ ఇండియావి 2010 ఐపీఓలో (కంపెనీ తొలిసారి షేర్లు అమ్మినప్పుడు) వచ్చినవి. ‘బొగ్గు పని అయిపోయింది నాన్నా, మొత్తం అమ్మేసి సోలార్ షేర్లు కొను’ అని బెంగళూరులో ఉన్న మా అబ్బాయి పోరు పెడుతున్నాడు. డివిడెండ్ బాగానే వస్తోంది, అమ్మబుద్ధి కావడం లేదు. వేసవిలో కరెంటు బిల్లు మూడు వేలు దాటుతోంది. ఇంటి మీద సోలార్ పెట్టిస్తే లాభమేనా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: షేర్లు తగ్గించుకోమనే నేనూ చెబుతాను. కాకపోతే మీ అబ్బాయి చెప్పిన కారణానికి కాదు.

బొగ్గు పని ఇప్పట్లో అయిపోదు. 2025 మధ్యకల్లా దేశంలోని విద్యుత్ సామర్థ్యంలో సగం సౌర, పవన, జల, అణు వనరులదే అయింది. మీ అబ్బాయి చూసిన అంకె బహుశా ఇదే. కానీ సామర్థ్యం వేరు, ఏడాదంతా వచ్చే కరెంటు వేరు. మనం వాడే కరెంటులో మూడింట రెండు వంతులకు పైగా ఇంకా బొగ్గుదే. సాయంత్రం ఆరు దాటి సోలార్ పడిపోయాక గ్రిడ్ ఎవరి మీద ఆధారపడుతుందో, థర్మల్ యూనిట్ల లోడు ఎంత గబగబా పెంచాల్సి వస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. 2024-25లో దేశంలో బొగ్గు ఉత్పత్తి 100 కోట్ల టన్నులు దాటింది. నెట్ జీరోకు, అంటే కర్బన ఉద్గారాలను నికరంగా సున్నాకు తేవడానికి, మన దేశం పెట్టుకున్న గడువు 2070. పిన్నాపురంలో కట్టినలాంటి పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టులూ (నీటిని పైకి తోడి ఉంచి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీసేవి) బ్యాటరీలూ పెరిగేకొద్దీ బొగ్గు వాటా తగ్గుతుంది. ఆ తగ్గుదల నెమ్మదిగానే ఉంటుంది.

సరే, సోలార్ పెరుగుతుంది కదా, ఆ షేర్లూ పెరుగుతాయి కదా? ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తున్నారు. 2010లో సోలార్ కరెంటు వేలంలో యూనిట్ ధర 12 రూపాయల పైన పలికింది. 2017లో రాజస్థాన్‌లోని భడ్లాలో 2.44కు దిగింది. 2020 డిసెంబరులో గుజరాత్ వేలంలో 1.99కి పాడారు. కరెంటు కొనేవాడికి ఇది పండగే. అమ్మే కంపెనీకి మాత్రం ప్రతి వేలంలోనూ లాభం కోసుకోవడమే. వ్యాపారం పదింతలైనా వాటాదారుకు మిగిలేది పెరగకపోవచ్చు. పవన విద్యుత్‌కు గొప్ప భవిష్యత్తు అంటూ 2008 మొదట్లో గాలిమరల కంపెనీ సుజ్లాన్ షేరును 400 పైన ఎగబడి కొన్నారు. గాలిమరల సంగతిలో వాళ్ల అంచనా తప్పలేదు, అవి దేశమంతా వచ్చాయి. షేరు మాత్రం 2020కల్లా రెండు రూపాయల దగ్గరికి పడిపోయింది.

పైగా ఈ కంపెనీల కరెంటు కొనేది ఎక్కువగా డిస్కంలే, అంటే కరెంటు పంపిణీ సంస్థలే. 2019లో మన రాష్ట్రంలో పాత సౌర, పవన ఒప్పందాల ధరలు తగ్గించాల్సిందేనని ప్రభుత్వం పట్టుబట్టింది. ఒప్పందం ప్రకారమే చెల్లించాలని హైకోర్టు చెప్పేసరికి 2022 వచ్చింది. ఆ మూడేళ్లూ సగం డబ్బుతో నెట్టుకొచ్చే ఓపిక పెద్ద కంపెనీకి ఉంటుందేమో, రిటైరైన మనిషి పొదుపుకు ఉండకూడదు.

మరి ఎందుకు తగ్గించుకోమంటున్నాను? మొత్తం 43 లక్షల్లో 18 లక్షలు రెండే షేర్లలో ఉన్నాయి, అంటే నూటికి 42. రెండూ ప్రభుత్వ కంపెనీలే, రెండూ భూమిలోంచి తవ్వేవే. పొదుపులో ఇంత వాటా ఒకేచోట ఉండకూడదు, ఏ రంగమైనా నాది ఇదే మాట. ఆరు లక్షల విలువ ఉంచుకోండి, డివిడెండ్ మీద మమకారమూ తీరుతుంది. (డివిడెండ్ మీ ఆదాయంలో కలిసి శ్లాబు ప్రకారం పన్ను పడుతుందని మరచిపోకండి.) మిగతా 12 లక్షలవి ఒక్కసారిగా అమ్మొద్దు. ఏడాదికి 1.25 లక్షల దీర్ఘకాలిక లాభం వరకు పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. మార్చిలో కొంత, ఏప్రిల్‌లో కొంత అమ్మితే రెండు ఆర్థిక సంవత్సరాల మినహాయింపు దక్కుతుంది. పాత షేర్లకు కొన్న ధర బదులు 2018 జనవరి 31 నాటి ధరను లెక్కలోకి తీసుకోవచ్చేమో ఆడిటర్‌తో చూపించుకోండి.

వచ్చిన డబ్బులో ఏడు లక్షల దాకా సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో, నాలుగు లక్షలు నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో (నిఫ్టీ సూచీలోని పెద్ద కంపెనీలన్నిట్లో డబ్బు పెట్టేది) వేయండి. ఆ ఫండ్‌లో విద్యుత్, చమురు కంపెనీలూ ఉంటాయి కాబట్టి ఇంధన రంగాన్ని పూర్తిగా వదిలేసినట్టూ కాదు. సోలార్ షేర్లంటారా, మీ అబ్బాయిని తన జీతంలోంచి కొనుక్కోమనండి.

మిగిలిన లక్ష మీ డాబా మీదికి. సోలార్‌లో మీకు ఖాయంగా కలిసొచ్చేది ఇదొక్కటే. మే నెలలో 450 యూనిట్లు, చలికాలంలో 220 దాకా కాలుస్తారనుకుందాం. డీలరు 3 కిలోవాట్లు పెట్టమంటాడు, సబ్సిడీ 78 వేలని ఆశ పెడతాడు. మీకు 2 చాలు. కేంద్ర పథకం పీఎం సూర్యఘర్ కింద దానికి సబ్సిడీ 60 వేలు. నెలకు సుమారు 240 యూనిట్లు వస్తాయి. ఇప్పటి స్లాబుల్లో 225 దాటిన యూనిట్ 8.75, 400 దాటితే 9.75. సోలార్ ముందుగా కోసేది ఈ ఖరీదైన యూనిట్లనే. మూడో కిలోవాటు ఆదా చేసేది చాలావరకు కింది స్లాబుల చౌక యూనిట్లను. నా లెక్కలో ఏడాదికి 17 వేల దాకా మిగులుతుంది. సబ్సిడీ పోను చేతి నుంచి 80, 90 వేలు పెడితే ఐదారేళ్లలో తిరిగొస్తుంది. అదే డబ్బు ఎఫ్‌డీలో ఉంటే ఏడాదికి ఐదారు వేలు, దాని మీద పన్ను.

రెండు జాగ్రత్తలు. బ్యాటరీ లేని సిస్టమ్ కరెంటు పోతే తనూ ఆగిపోతుంది, కోతల్లో ఫ్యాన్ తిరుగుతుందని ఆశపడొద్దు. ఇన్వర్టర్‌ను కింద మోటారు పక్కన బిగించనివ్వకండి, 2024 సెప్టెంబరులో బుడమేరు ఎంత ఎత్తుకు వచ్చిందో చూశాం కదా, మేడ మీదే పెట్టించండి. దరఖాస్తుకు ముందు కరెంటు బిల్లు ఎవరి పేరున ఉందో చూసుకోండి. ఇంకా మీ నాన్నగారి పేరే ఉంటే మీ డిస్కం సీపీడీసీఎల్‌లో ముందు పేరు మార్పించుకోండి.