దగ్గితే మూత్రం పడుతోందా? బరువుకన్నా ముందు ఆ పొట్లం మాత్రల సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 46. పర్లాకిమిడిలో ఉంటాం. ఎత్తు 152 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు. రెండూ మామూలు కాన్పులే. ఏడాదిగా దగ్గినా, తుమ్మినా, బిందె ఎత్తినా మూత్రం పడిపోతోంది. పాత చీర ముక్క మడత పెట్టుకోనిదే గడప దాటడం లేదు. శ్రీకాకుళం బస్సెక్కాలంటే పొద్దున్నుంచి నీళ్ళు ముట్టను. ఇన్‌ఫెక్షనేమోనని మెడికల్ షాపులో నార్‌ఫ్లాక్సాసిన్ మూడుసార్లు కొని వాడాను. బీపీకి మాత్ర వేసుకుంటున్నాను. మోకాళ్ళ నొప్పులకు మా వీధి ఆర్ఎంపీ ఇచ్చే మాత్రలు ఐదు నెలలుగా వాడుతున్నాను. నొప్పి ఇట్టే తగ్గింది గానీ 6 కిలోలు పెరిగాను. బరువు తగ్గితే ఈ బాధ పోతుందని మా చెల్లి అంటోంది. నిజమేనా? పొట్ట బెల్టు పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, గజపతి జిల్లా

జవాబు: మీ చెల్లెలు చెప్పింది నిజమేనమ్మా. అయితే మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది బరువు కాదు, ఆర్ఎంపీ మాత్రలు. నొప్పి ఇట్టే తగ్గడం, ఐదు నెలల్లో 6 కిలోలు పెరగడం, రెండూ కలిపి చూస్తే వాటిలో స్టెరాయిడ్ ఉందేమోనన్న అనుమానం వస్తోంది. మాత్ర చూడకుండా ఉందని తేల్చి చెప్పలేను. నా దగ్గరికి వచ్చేవాళ్ళు కొంగు ముడి విప్పి చూపిస్తుంటారు: పేపరు ముక్కలో చిన్న తెల్ల మాత్ర, పక్కన పసుపుది, ఇంకో గ్యాస్ మాత్ర. పేరుండదు, స్ట్రిప్పుండదు. స్టెరాయిడ్ అయితే ఆకలి పెరుగుతుంది, ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, పొట్ట చుట్టూ కొవ్వు చేరుతుంది, బీపీ, షుగరు పైకి పోతాయి. షుగరు పెరిగితే మూత్రం ఎక్కువసార్లు వస్తుంది, ఇన్‌ఫెక్షన్లూ తగులుకుంటాయి. మోకాలికని వేసుకున్నది మూత్రసంచికి చేటు చేస్తూ ఉండొచ్చు.

అలాగని ఇది చదివి రేపే మానేయకండి. నెలల తరబడి వాడిన స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు చూసి మెల్లమెల్లగా తగ్గించాలి.

ఇక బరువు. మీ బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే లెక్క) 32. మనవాళ్ళకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్క. మూత్రసంచిని, గర్భసంచిని కింద నుంచి మోసే కండరాలు నవారు మంచం లాంటివి. రెండు కాన్పులకు నవారు కొంత సాగే ఉంటుంది. పైన పొట్ట బరువు రాత్రింబవళ్ళు నొక్కుతుంటే ఇంకా కిందికి దిగుతుంది. దగ్గినప్పుడు పొట్టలో ఒత్తిడి ఒక్కసారి పెరుగుతుంది, మూత్రద్వారం బిగపట్టలేక వదిలేస్తుంది. బీఎంఐ 5 పెరిగితే ఈ ముప్పు 20 నుంచి 70 శాతం వరకు పెరుగుతుందని పరిశోధనల్లో తేలింది. తగ్గితే మేలు కూడా అంతే స్పష్టం. 2009లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అమెరికా అధ్యయనంలో, బరువెక్కువున్న 338 మంది మహిళలను ఆరు నెలలు గమనించారు. బరువు సగటున 8 శాతం తగ్గిన బృందంలో వారానికి మూత్రం పడే సార్లు 47 శాతం తగ్గాయి. ఆరోగ్య పాఠాలు మాత్రమే విన్న బృందంలో 28 శాతం. మీ లెక్కలో 8 శాతమంటే 6 కిలోలు, ఈ ఐదు నెలల్లో పెరిగిందంత. అన్నం ఒక గరిటె తగ్గించి పప్పు, కూర పెంచండి. పొద్దున చోడి (రాగి) అంబలి మంచిదే, ఉప్పు తగ్గించి తాగండి. మోకాళ్ళు ఒప్పినంతవరకే నడక.

బెల్టు వద్దు. పొట్టను బిగిస్తే ఆ ఒత్తిడి కిందికే పోతుంది.

దానికి బదులు కింది కండరాలకు పని చెప్పండి. మోకాళ్ళు మడిచి వెల్లకిలా పడుకుని, నలుగురిలో గ్యాస్ ఆపుకుంటున్నట్టు కింది భాగాన్ని లోపలికి, పైకి లాగండి. ఐదారు అంకెలు లెక్కపెట్టి వదలండి, అంతసేపే విశ్రాంతి. ఇలా 8 సార్లు, రోజుకు మూడు పూటలు, కనీసం మూడు నెలలు. ఊపిరి బిగబట్టకూడదు, పిరుదులు బిగించకూడదు. మూత్రానికి కూర్చుని మధ్యలో ఆపుతూ సాధన చేయకండి. పట్టు దొరికాక, దగ్గు వచ్చే ముందు ఒకసారి బిగించి అప్పుడు దగ్గండి.

నార్‌ఫ్లాక్సాసిన్ మాటకొస్తే, మూడుసార్లా అమ్మా! ఒక్కసారైనా మూత్ర పరీక్ష చేయించారా? దగ్గితే పడే మూత్రానికి యాంటీబయాటిక్ మందు కాదు. ఇలా కొని వాడుతూ పోతే, నిజంగా ఇన్‌ఫెక్షన్ వచ్చిన రోజు ఆ మందు పనిచేయకపోవచ్చు. నీళ్ళు మానేయడమూ పొరపాటే. మూత్రం చిక్కబడి మంట, తొందర ఎక్కువవుతాయి, మలబద్ధకం వస్తే ముక్కుడు తోడవుతుంది. బీపీ మాత్ర పేరు రాయలేదు. కొన్నింటికి పొడి దగ్గు వస్తుంది, కొన్నింటికి మూత్రం ఎక్కువవుతుంది. దాన్నీ మీరుగా ఆపొద్దు.

మూత్రంలో రక్తం పడినా, దగ్గకుండానే ఎడతెగక కారుతున్నా, కాళ్ళు బలహీనపడినా, మర్మావయవాల దగ్గర స్పర్శ తెలియకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి. అవేవీ లేకున్నా ఈ వారంలోనే మీ జిల్లా ఆసుపత్రిలో గైనిక్ డాక్టరుకు చూపించుకోండి. అవసరమనుకుంటే వాళ్ళే బరంపురం ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రికి పంపుతారు. గర్భసంచి జారిందేమో చూడాలి, షుగరు పరీక్ష, మూత్రం కల్చర్ (ఇన్‌ఫెక్షన్ క్రిములున్నాయేమో చూసే పరీక్ష) చేయాలి. ఆపరేషన్ మాట ఆ తర్వాత. పడుకోబెట్టి దగ్గమంటారు, కాబట్టి మూత్రసంచి కాస్త నిండుగా ఉన్నప్పుడే లోపలికి వెళ్ళండి. డాక్టరమ్మకు తెలుగు రాకపోతే 'పరిస్రా' (ఒడియాలో మూత్రం) అని చెప్పి దగ్గి చూపించండి, ఆమెకు అర్థమవుతుంది. బీపీ మాత్ర స్ట్రిప్పు, ఆర్ఎంపీ పొట్లంలో మిగిలిన మాత్రలు ఆ కాగితంతో సహా చేతిలో పట్టుకెళ్ళండి.