హాస్టల్ గోడపై కులద్వేష రాతలు: ఫిర్యాదు ఎందుకు నిలవలేదంటే

తమ ఫిర్యాదు ఎందుకు నిలవలేదని అడిగిన తిరుపతి విద్యార్థికి: మీ హాస్టల్ గోడపై ఒక కులాన్ని దూషించిన రాతలకు వార్డెన్ సున్నం కొట్టించి ఊరుకోవడానికి కారణం, మీ ఫిర్యాదులో "గోడ పాడుచేశారు" అని మాత్రమే ఉండటం కావచ్చు.

1. చాలామంది వదిలేసేది ఫొటో. సున్నం పడకముందే ఎవరైనా తీశారేమో అడగండి. మళ్లీ రాస్తే, అక్షరాలు చదవగలిగేలా దగ్గర నుంచి ఒకటి, గది నంబరు కనిపించేలా దూరం నుంచి ఒకటి తీసి, అసలు ఫైలును ఫోన్‌లోనే భద్రపరచండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే తీసిన సమయం వంటి వివరాలు పోతాయి. గ్రూపుల్లో మాత్రం పెట్టకండి, రాసినవారి ద్వేషాన్ని మనమే మోసినట్లవుతుంది.

2. గోడపై రాసిన మాటలను ఫిర్యాదులో ఉన్నవి ఉన్నట్లు రాసి మీ విశ్వవిద్యాలయ రిజిస్ట్రార్‌కు ఇచ్చి, నకలుపై అందినట్లు ముద్ర వేయించుకోండి.

3. వర్గాల మధ్య వైరం పెంచడం భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్ కింద నేరం కనుక పోలీసులకూ ఫిర్యాదు ఇవ్వండి. బెదిరింపు ఉంటే వెంటనే 112కు ఫోన్ చేయండి.