నాన్నగారి క్యాసెట్లు వినడానికి ఇప్పుడు వాక్‌మన్ కొనొచ్చా?

అటక మీద మీ నాన్నగారి క్యాసెట్లు నలభై దాకా దొరికాయన్నారు. వాటికోసం ఈ రోజుల్లో వాక్‌మన్ కొనొచ్చా, కొంటే పాతదా కొత్తదా, రోజూ వాడుకోవడం కుదురుతుందా అని అడిగారు. నేను ఆరేళ్లుగా వాడుతున్నాను. కొనండి. కానీ కొన్న రోజే నాన్నగారి క్యాసెట్ అందులో పెట్టకండి. నేను చేసిన తప్పు అదే.

మాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. మా బాపు 1991లో దుబాయి పోయి పన్నెండేళ్లు అక్కడే పనిచేశాడు. అప్పట్లో మా ఇంట్లో ఫోన్ లేదు. ఉత్తరం వస్తే చదివి పెట్టమని అమ్మ ఎవరినో ఒకరిని అడగాలి, ఇంటి సంగతులన్నీ వాళ్లకు తెలిసిపోవాలి. అందుకని బాపు క్యాసెట్‌లో మాట్లాడి, సెలవుకు ఊరికొచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేవాడు. అమ్మ అది విని, అదే క్యాసెట్ మీద జవాబు మాట్లాడి, వాళ్లు తిరిగి పోయేటప్పుడు ఇచ్చి పంపేది. గల్ఫ్‌కు పోయినవాళ్ల ఇళ్లలో ఇది మామూలే. అలా ఒక్కో సీ-60 (రెండు పక్కలా కలిపి అరవై నిమిషాల) క్యాసెట్ ఎన్నిసార్లు సముద్రం దాటిందో. బాపు చనిపోయాక బీరువాలో చీరల కింద మూడు దొరికాయి.

ఒక ఆదివారం హైదరాబాద్‌లో ఎర్రగడ్డ సంతలో పాత వాక్‌మన్ ఒకటి ఆరువందలకు కొన్నాను. బ్యాటరీలు వేస్తే తిరిగింది, పాట వినపడింది. ఇంకేం కావాలి అనుకుని ఆ రాత్రే బాపు క్యాసెట్ పెట్టాను. ఒక ఇయర్‌ఫోన్ అమ్మ చెవిలో, ఒకటి నా చెవిలో. గొంతు మందంగా, సాగుతూ వచ్చింది. అమ్మ కాసేపు విని, "గిది మీ బాపు గొంతు కాదురా" అంది. అంతలోనే మాట ఆగిపోయి కరకరమని చప్పుడు. మూత తెరిచి చూస్తే రీలు రబ్బరు రోలర్‌కు చుట్టుకుపోయి ఉంది.

మీకూ ఎప్పుడైనా ఇలా జరిగితే క్యాసెట్ పట్టుకుని లాగొద్దు. ముందు బ్యాటరీలు తీసేయండి. తర్వాత రోలర్‌ను వేలి కొసతో వెనక్కి తిప్పుతూ ఒక్కో చుట్టూ విప్పాలి. నాకు అరగంట పట్టింది. రీలు తెగలేదు కానీ జానెడు మేర నలిగిపోయింది. క్యాసెట్ రీలు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడుస్తుంది, అంటే జానెడు రీలు నాలుగైదు సెకన్ల మాట. "బిడ్డా, మంచిగ చదువుకుంటున్నవా" అని బాపు అడిగేది సరిగ్గా అక్కడే. ఇప్పటికీ ఆ చోటికి వచ్చేసరికి గొంతు బావిలోకి దిగినట్టు పోయి మళ్లీ పైకి వస్తుంది.

కారణం బెల్టు. మోటారు బలాన్ని చక్రాలకు అందించేది దారమంత సన్నని రబ్బరు బెల్టు. ఏళ్లు గడిచేకొద్దీ అది సాగిపోతుంది, కొన్నిట్లో ఏకంగా కరిగి నల్లటి తారులా అంటుకుపోతుంది. సాగిన బెల్టు జారుతుంటే వేగం తగ్గి గొంతు మందమవుతుంది. రీలును చుట్టుకోవాల్సిన చక్రం ఆగిపోయినా రోలర్ మాత్రం రీలును ముందుకు తోస్తూనే ఉంటుంది. చుట్టుకునే దిక్కు లేక ఆ రీలంతా రోలర్‌కే పట్టేస్తుంది. పాట వినపడింది కదా అని నేను నమ్మేశాను. ఒక్క నిమిషం కాదు, ఒక పక్క మొత్తం ఆడించి చూడాల్సింది.

సోనీ మొదటి వాక్‌మన్‌ను 1979లో తెచ్చింది, జపాన్‌లో క్యాసెట్ వాక్‌మన్ల అమ్మకం 2010లో ఆపేసింది. కాబట్టి సంతలో దొరికేది ఏ కంపెనీదైనా, ఎవరూ మార్చి ఉండకపోతే, దాని బెల్టు ముసలిదే అనుకోండి. కొనగానే మార్చేయండి. పాత బెల్టు అప్పటికే సాగి ఉంటుంది, దాన్ని కొలిచి అదే సైజు తెప్పిస్తే మళ్లీ వదులే అవుతుంది. కొలతకు ఐదు శాతం దాకా తక్కువ తీసుకోండి. కరిగిపోయి కొలవడానికి కుదరకపోతే, బెల్టు తిరిగే దారి వెంట ఒక దారం చుట్టి కొలవండి.

తర్వాత హెడ్డు, అంటే రీలు మీది శబ్దాన్ని చదివే ముక్క. మొబైల్ రిపేరు షాపుల్లో వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చిన్న సీసా తెచ్చుకుని, దూది పుల్లతో హెడ్డునూ, రోలర్ పక్కన నిలబడి ఉండే సన్నటి ఇనుప కడ్డీనీ తుడవండి. దూదికి గోధుమరంగు పొడి అంటుతుంది. అది రీలు మీది ఐరన్ ఆక్సైడే. రబ్బరు రోలర్‌కు తడిబట్ట చాలు.

బెల్టు మార్చాక కూడా బాపు గొంతు కొంచెం మందంగానే అనిపించింది. ఎంత మందమో చెవితో తేల్చలేం కదా. కంపెనీ సినిమా పాటల క్యాసెట్ ఒకటి పెట్టి, అందులో ఒక పాట మొదటి మాట నుంచి చివరి మాట దాకా ఎంతసేపు పడుతుందో ఫోన్‌లో టైమ్ చూశాను. అదే పాట ఇంటర్నెట్‌లో వింటే ఆరు సెకన్లు ముందే అయిపోయింది. ఇలా రెండు మూడు పాటలతో చూడండి, ఒక్కదాన్నే నమ్మొద్దు. వేగం సరిచేసే చిన్న స్క్రూ చాలా వాటిలో మోటారు వెనక రంధ్రంలోనే ఉంటుంది, కొన్నిట్లో సర్క్యూట్ బోర్డు మీద ఉంటుంది. వెంట్రుకవాసి తిప్పడం, మళ్లీ టైమ్ చూడడం. రెండు సాయంత్రాలు పట్టింది. మూడోనాడు అమ్మ చెవిలో పెడితే ఈసారి ఏమీ అనలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చివరిదాకా వింది.

ఇదంతా మీ వల్ల కాదనుకుంటే కొత్తది కొనండి. ఫియో సీపీ13 అని 2024లో వచ్చింది, చార్జింగ్ పెట్టుకోవచ్చు, రికార్డింగ్ మాత్రం ఉండదు. స్క్రూడ్రైవర్ పట్టే ఓపిక ఉంటే మాత్రం పాతదే నయమని నా అభిప్రాయం. మన చేత్తో విప్పి బిగించిన మిషన్ ఏ చప్పుడు చేసినా అది ఎక్కడిదో తెలుస్తుంది.

క్యాసెట్లు అటక మీద ఉన్నాయన్నారు కాబట్టి వాటినీ చూసుకోవాలి. రీలు కనిపించే అంచున నాలుగైదు మిల్లీమీటర్ల చదరపు ఫెల్టు ముక్క ఒకటి రాగి పట్టీకి అంటించి ఉంటుంది. రీలును హెడ్డుకు అదిమి పట్టేది అదే. జిగురు ఎండి అది రాలిపోతే మాట వినపడీ వినపడనట్టు వస్తుంది. రీలు చుట్టల మీద తెల్లగా బూజు ఉంటే ఆ క్యాసెట్‌ను ఇంకోదానితో కలపకండి, మంచి మిషన్‌లో పెట్టకండి. బాగున్న వాటిని కూడా ఆడించే ముందు పెన్సిల్‌తో మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకు ఒకసారి తిప్పండి. ఏళ్ల తరబడి కదలని రీలు పొరలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. సీ-90ల రీలు సీ-60లకన్నా పల్చగా ఉంటుంది, వాటిని ఇంకా జాగ్రత్తగా తిప్పండి. పెట్టె పగిలినా కంగారు వద్దు. ఐదు స్క్రూలతో బిగించినదైతే విప్పి, రీలును పనికిరాని ఇంకో క్యాసెట్ పెట్టెలోకి మార్చుకోవచ్చు.

నాన్నగారి గొంతు ఉన్న క్యాసెట్ మొదటిసారి ఆడించేటప్పుడే కంప్యూటర్‌కు కలిపి అందులోకి ఎక్కించుకోండి. ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్ లైన్-ఇన్‌కు (బయటి శబ్దం లోపలికి తీసుకునే రంధ్రానికి) ఒక కేబుల్, రికార్డు చేయడానికి ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, వాల్యూమ్ సగానికి. అంతే. ముందు క్యాసెట్ పై అంచున (రీలు కనిపించే అంచుకు ఎదుటి వైపు) రెండు చిన్న ప్లాస్టిక్ చెవులూ ఉన్నాయో లేదో చూసి, ఉంటే విరిచేయండి, ఇక దాని మీద పొరపాటున ఎవరూ రికార్డు చేయలేరు.

రోజూ వాడడం గురించి అడిగారు కదా. నేను పొద్దున నడకకు సినిమా పాటల క్యాసెట్లు పట్టుకెళ్తాను. చార్జింగ్ పెట్టుకునే పెన్సిల్ సెల్లులు రెండు వేస్తే వారం నడుస్తుంది. పాట మార్చలేను, కాబట్టి మార్చాలన్న ఆలోచనే రాదు. ఎన్నడూ ఇష్టపడని పాటలు రెండు మూడు అలా వింటూ వింటూ ఇష్టమైపోయాయి.

ఒకటి మాత్రం తప్పక చేయండి. క్యాసెట్ మీద సినిమా పేరు రాసి ఉన్నా, మాటలు ఆగిపోయి ఖాళీగా గుర్‌మంటున్నా, రెండు పక్కలా చివరిదాకా వినండి. మా మూడో క్యాసెట్‌లో బాపు మాట అయిపోయిన చోట టక్కుమని అమ్మ గొంతు మొదలవుతుంది. ఆమె పంపిన పాత జవాబులో, దాని మీద బాపు మాట్లాడగా చెరగకుండా మిగిలిన ముక్క అది. అదీ అయిపోయాక ఇంకా కింద, అంతకుముందు పంపిన కబురు తాలూకు బాపు గొంతు ఒకటిన్నర నిమిషం ఉంది. వెనక ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు, "ఇగ ఉంట" అని బాపు అనడం, బటన్ నొక్కిన టిక్కు. మొదట్లో రెండుసార్లు విని, మధ్యలోనే ఆపేసి పక్కన పెట్టేశాను ఆ క్యాసెట్‌ను.

బెల్టు కొలత దగ్గర ఇబ్బంది అయితే మిషన్ మూత తీసి ఫొటో పెట్టండి, చూసి చెప్తాను.