సాలీడు నేసినదాన్ని వల అనవచ్చా?

సందేహం: సైన్సు గురించీ, కొత్తగా వస్తున్న వెబ్ టెక్నాలజీ గురించీ తెలుగులో వ్యాసాలు రాస్తుంటాను. ఈమధ్య ఒకదాంట్లో "అంతర్జాలాన్ని 1989లో టిమ్ బెర్నర్స్ లీ రూపొందించాడు" అని రాశాను. 'అంతర్' అంటే లోపల అని అర్థం కాబట్టి ఆ మాట తప్పనీ, 'అంతరజాలం' అనాలనీ ఒక మిత్రుడు వాదించాడు. ఏది ఒప్పు? అలాగే 'వెబ్ అసెంబ్లీ'కి తెలుగు మాట చెప్పగలరా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: మీ మిత్రుడి మాటలో సగం నిజముంది. అంతఃపురం, అంతరాత్మ, అంతర్వాహిని – వీటిలో 'లోపల' అనే అర్థమే. అయితే 'అంతర్' అంటే 'నడుమ' అని కూడా అర్థం ఉంది, అదేమీ నిన్న మొన్న పుట్టింది కాదు. గంగా యమునల నడుమ నేలను పూర్వులు అంతర్వేది అన్నారు. కోనసీమ కొసన, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేచోట వెలసిన మన నరసింహస్వామి క్షేత్రం పేరూ అదే. నేలకూ నింగికీ నడుమ ఉన్నది అంతరిక్షం. పైగా ఈ 'అంతర్', లాటిన్ 'ఇంటర్' ఒక తల్లి బిడ్డలే. ఇంటర్నెట్‌లోని 'ఇంటర్'కు ఇంతకన్నా దగ్గరి చుట్టం దొరకదు. 'అంతరజాలం' అనాల్సిన పని లేదు. ఒక చిక్కు మాత్రం ఉంది. ఒక ఆఫీసు గోడల లోపలే పనిచేసే ఇంట్రానెట్‌ను కూడా అంతర్జాలం అంటే కాదనడం కష్టం. దానికి ప్రస్తుతానికి 'లోపలి నెట్' అని రాసుకోండి.

'జాలం' అంటే వల. అది పట్టుకుని బతికేవాడు జాలరి. ఇంద్రజాలంలో అది మాయ, కీర్తనల్లో 'జాలమేల' అన్నప్పుడు జాగు. ఇక్కడికి ఇది చాలు.

మీ మిత్రుడు గింజను పట్టుకుని గుమ్మడికాయను వదిలేశారు. మీ వాక్యంలో అసలు తప్పు వేరే ఉంది. బెర్నర్స్ లీ రూపొందించింది ఇంటర్నెట్‌ను కాదు, వెబ్‌ను. ఇంటర్నెట్‌కు మూలమైన ఆర్పానెట్ అనే అమెరికా కంప్యూటర్ల నెట్‌వర్కు 1969లో మొదలైంది. కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి ఇవాళ్టికీ నడుస్తున్న టీసీపీ/ఐపీ పద్ధతికి అది 1983 జనవరి 1న మారింది. వెబ్ పుట్టకముందే దాని మీద ఈమెయిళ్లు అటూ ఇటూ తిరిగేవి. జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనశాలలో 1989లో ఆయన ప్రతిపాదించింది, ఆ తీగల మీద కాగితానికీ కాగితానికీ లంకె వేసే పద్ధతి. ఒకటి రోడ్డు, ఇంకొకటి ఆ రోడ్డు మీద నడిచే బండి. రెండింటినీ 'అంతర్జాలం' అనే ఒక్క గాటన కట్టేయడం ఇప్పుడు మనవాళ్లకు అలవాటైపోయింది. పత్రికల్లో, పాఠాల్లో, ఉపన్యాసాల్లో ఎక్కడ చూసినా ఇదే వరస. మామూలు మాటల్లో అయితే సరిపెట్టుకోవచ్చు. సైన్సు రాసేవారు కూడా అలా రాస్తే నాకు బాధేస్తుంది. మీ పొరపాటు మీ అజ్ఞానం వల్ల వచ్చిందని నేననుకోను, ఆ మాటే మిమ్మల్ని తప్పుదోవ పట్టించింది.

'వెబ్'ను జాలం అనడమే నాకు మొదటి నుంచీ మింగుడుపడని సంగతి. వల వేరు, నేత వేరు. వలను ముడులు వేసి అల్లుతారు. ఇంగ్లీషులో 'వెబ్' అంటే మొదట నేసిన బట్ట, అది 'నేయు' అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది. మన భాషలోనూ సాలె అంటే నేతగాడే. నేసే పురుగు సాలెపురుగు. అది కట్టినదాన్ని మనం ఏమన్నాం? సాలెగూడు అన్నాం. ఈగలకది ఉచ్చే కావచ్చు, మన పల్లె జనం మాత్రం నేసినవాడి వైపు నుంచి చూసి గూడు అని పేరు పెట్టారు.

సంస్కృతంలోకి వెళితే ఇంకా ఆనందం. సాలీడుకు ఊర్ణనాభి అనే పేరు అందరికీ తెలుసు, బొడ్డులో ఉన్ని ఉన్నది అని. దీనికి 'ఊర్ణవాభి' అనే మరో రూపం ఉంది. ఉన్ని నేసేది అని దాని అర్థం. ఈ 'వాభి'లో ఉన్న ధాతువూ, ఇంగ్లీషు 'వెబ్'లో ఉన్న ధాతువూ ఒకటేనని భాషావేత్తలు చెబుతారు. యాస్కుడు వేదంలోని మాటల పుట్టుకలు చెప్పే తన నిరుక్తంలో తనకు ముందున్న ఔర్ణవాభుడనే పండితుడి అభిప్రాయాలను పలుచోట్ల ఉటంకించాడు. మాటల పుట్టుకలు వెతికినవాడి పేరులోనే సాలీడు ఉంది! 'వెబ్' అనే మాటను పరాయిదని తరిమేసేవారు ఈ చుట్టరికం ఒక్కసారి తలచుకోవాలి.

మా వరండాలో గ్రిల్లుకూ తులసికోటకూ మధ్య ఒక సాలీడు రోజూ సాయంత్రం పని మొదలుపెడుతుంది. ముందు ఒక్క దారాన్ని గాలికి వదులుతుంది. అది అవతల ఎక్కడో అతుక్కునేదాకా కదలదు. తర్వాత నడుమ నుంచి బండిచక్రం ఆకుల్లా దారాలు లాగుతుంది. వాటి మీద జిగురులేని దారంతో లోపల నుంచి బయటికి ఎడంగా చుట్లు వేస్తుంది, మేస్త్రీలు కట్టే సారువలాగా. చివరగా బయట నుంచి లోపలికి జిగురుదారం పరుస్తూ, ఆ సారువను ఊడదీసుకుంటూ వస్తుంది. తెల్లారేసరికి పాతదారాన్ని తానే తినేస్తుంది. "యథోర్ణనాభిః సృజతే గృహ్ణతే చ" అని ముండకోపనిషత్తు చెప్పింది దీన్నే. తనలో నుంచే తీస్తుంది, తనలోకే తీసుకుంటుంది.

ఇక ధూర్జటి. నాకు ప్రాణమైన కవి.

ఏ వేదంబు పఠించె లూత? భుజగం బే శాస్త్రముల్ చూచెఁ? దా
నే విద్యాభ్యసనం బొనర్చెఁ గరి? చెంచే మంత్ర మూహించె? బో
ధావిర్భావ నిదానముల్ చదువు లయ్యా! కావు, మీ పాద సం
సేవాసక్తియె కాక జంతుతతికిన్ శ్రీకాళహస్తీశ్వరా!

లూత అంటే సాలీడు. 'శ్రీకాళహస్తి'లోని 'శ్రీ' అదే. పాము, ఏనుగు, కన్నప్ప అందరికంటే ముందు దాన్ని తలచుకున్నాడు కవి. కాళహస్తి మాహాత్మ్యంలో ఆ సాలీడు శివలింగానికి తన దారంతో గోపురాలూ మంటపాలూ కడుతుంది. శివుడు పరీక్షించడానికి దీపం మంటతో వాటిని కాల్చేస్తే, అది ఆ దీపాన్నే మింగబోతుంది. ఆ కథలో సాలీడు నేసిన దాంట్లో ఒక్క ఈగ కూడా పడలేదు చూశారా? అది దేవుడికి కట్టిన ఇల్లు. సెర్న్ వారు 1993 ఏప్రిల్ 30న వెబ్‌ను ఎవరైనా పైసా కట్టకుండా వాడుకోవచ్చని లోకానికి వదిలేసిన సంగతి చదివినప్పుడల్లా నాకు ఈ గూడే గుర్తొస్తుంది.

అలాగని వెబ్‌సైటును సాలెగూడు అనమని నేను చెప్పను, వినేవారికి బూజు గుర్తొస్తుంది. 'వెబ్' అనే ఉంచడం మేలనిపిస్తుంది. ఇంతకన్నా మంచి మాట ఎవరైనా తెస్తే కాదనను. లింకుకు మాత్రం 'లంకె' తప్పకుండా వాడండి. లంకెబిందెల్లో ఉన్న మన సొంత మాట అది, ఎందుకు వదులుకోవాలి?

'వెబ్ అసెంబ్లీ'ని నిఘంటువు పట్టుకుని అనువదించకండి. ఇక్కడి అసెంబ్లీకి సభతో సంబంధం లేదు, యంత్రభాషకు ఒక మెట్టు పైనుండే అసెంబ్లీ భాషను చూసి పెట్టిన పేరది. సీ, రస్ట్ వంటి భాషల్లో రాసిన ప్రోగ్రాములను బ్రౌజరులో వేగంగా నడిపించే ఈ పద్ధతికి 2019 డిసెంబరులో ప్రమాణం హోదా వచ్చింది. పేరు అలాగే ఉంచి, మొదటిసారి రాసినప్పుడు అదేం చేస్తుందో ఒక వాక్యంలో చెప్పండి. 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి స్థాపించి కొమర్రాజు లక్ష్మణరావుగారూ మిత్రులూ తెలుగులో శాస్త్రగ్రంథాలు తెచ్చారు. ఆ పనిని మీరు కొనసాగిస్తున్నారు కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మీ వాక్యాన్ని ఇలా మార్చుకోండి: "అప్పటికే ఉన్న అంతర్జాలం మీద పనిచేసేలా 1989లో టిమ్ బెర్నర్స్ లీ వెబ్‌ను ప్రతిపాదించాడు."