ఎండాకాలపు ఆకాశం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఏప్రిల్ మధ్యలో రాత్రి ఎనిమిదింటికి మైపాడు బీచిలో దక్షిణం వైపు శిలువలా నాలుగు చుక్కలు చూశాం, త్రిశంకు (సదరన్ క్రాస్) అనుకున్నాం. కానీ పుస్తకంలో చెప్పినదానికన్నా పెద్దగా, మసకగా ఉంది. అది త్రిశంకేనా? (కోవూరు పాఠకురాలు)

జవాబు: కాదండి, అది దొంగ శిలువ. ఇంగ్లిష్ పుస్తకాల్లో ఫాల్స్ క్రాస్ అంటారు. ఏప్రిల్‌లో ఆ వేళకు దక్షిణాన కనబడేది అదే. త్రిశంకు అప్పటికి దానికి ఎడమగా, నేల అంచుకు దగ్గర్లో, సముద్రపు తేమలో కలిసిపోయి ఉంటుంది.

త్రిశంకు నిటారుగా నిలిచే వేళ ఏప్రిల్ మధ్యలో రాత్రి పదకొండు, మే మొదట్లో పది, మే మధ్యలో తొమ్మిది, జూన్ మొదట్లో ఎనిమిది. రోజుకు నాలుగు నిమిషాలు ముందుకు జరుగుతుంది.

నేరుగా దక్షిణాన వెతక్కండి, ఉత్తరం నుంచి రండి. చాచిన చేతి పిడికిలి వెడల్పు దాదాపు 10 డిగ్రీలు, అదే మీ కొలబద్ద. సప్తర్షి మండలం తోక వంపును అలాగే పొడిగిస్తే మూడు పిడికిళ్ళ దూరంలో నారింజ రంగు స్వాతి. అదే వంపులో ఇంకో మూడు పిడికిళ్ళు దాటితే నీలి తెలుపు చిత్ర. దక్షిణానికి తిరిగి నిలబడితే చిత్రకు కుడివైపు, కాస్త కిందుగా, పిడికిలిన్నర దూరంలో నాలుగు చుక్కల వంకర చతురస్రం హస్త. వెలుగు తక్కువే గాని చుట్టుపక్కల పెద్ద చుక్కలు లేవు కాబట్టి దొరుకుతుంది. హస్త సరిగ్గా దక్షిణానికి వచ్చినప్పుడు దానికింద నాలుగు పిడికిళ్ళు దిగండి. నేల నుంచి పిడికిలిన్నర ఎత్తులో ఉండేదే త్రిశంకు.

అనుమానమొస్తే రెండు గుర్తులు చూడండి. అసలుది మూడు నాలుగు వేళ్ళ వెనక దాగిపోతుంది, దొంగది దాదాపు పిడికిలంత. అసలుదానికి ఎడమగా రెండు ప్రకాశమైన చుక్కలుంటాయి. వాటిలో ఎక్కువ వెలిగేది ఆల్ఫా సెంటారి, మనకు 4.4 కాంతి సంవత్సరాల దూరం.

తీరంలో రొయ్యల చెరువుల లైట్లు దక్షిణాన పడితే ఇవేవీ కనబడవు, లైట్లు వెనక ఉండేలా చోటు చూసుకోండి. ఉదయగిరి, కనిగిరి వైపు తేమ తక్కువ గనుక ఇంకా మేలు, దక్షిణాన కొండ అడ్డు లేకపోతే చాలు. తిథుల్లో బహుళ షష్ఠి నుంచి శుద్ధ చవితి దాకా మంచిది.

ప్రశ్న: ఒంగోలులో మా మిద్దె మీంచి ధ్రువ నక్షత్రం దొరకడం లేదు. (ఒంగోలు పాఠకుడు)

జవాబు: చాలా ఎత్తున చూస్తున్నట్టున్నారు. ఊరి అక్షాంశం ఎంతో ధ్రువ నక్షత్రం ఎత్తు అంత. ఒంగోలుకు 15.5 డిగ్రీలు, అంటే పిడికిలిన్నర. లండన్‌లో 51 డిగ్రీలు, అక్కడివాళ్ళ పటాలు ఇక్కడ అందుకే పనికిరావు. పైగా అది సప్తర్షుల చుక్కలంతే వెలుగుతుంది, అన్నిటికన్నా పెద్ద చుక్క కోసం వెతికితే దొరకదు. మే మధ్యలో తొమ్మిదింటికి సప్తర్షి మండలం బోర్లా పడి ఉంటుంది. తోకకు దూరంగా ఉన్న చివరి రెండు చుక్కల్లో పైది పులహుడు, కిందిది క్రతువు. పులహుడి నుంచి క్రతువుకు గీత గీసి, ఆ దూరానికి అయిదు రెట్లు కిందికి పొడిగించండి. ఎదురుగా అపార్ట్‌మెంటు ఉంటే మాత్రం మిద్దె మారాల్సిందే.

ప్రశ్న: అరుంధతి కోసం బైనాక్యులర్ కొనాలా? (కావలి పాఠకుడు)

జవాబు: అక్కర్లేదు. సప్తర్షి మండలం తోక చివరి నుంచి రెండోది వశిష్ఠుడు, ఆయన్ని ఆనుకునే అరుంధతి. కళ్ళు చీకటికి అలవాటు పడాలంటే బయటికొచ్చి ఇరవై నిమిషాలైనా ఫోన్ చూడకుండా ఉండాలి. ఒక్కసారి చూసినా కళ్ళు మళ్ళీ మొదటికొస్తాయి. టార్చి తప్పనిసరైతే ఎర్ర సెల్లోఫేన్ కాగితం చుట్టండి.