జ్వరం తగ్గిన రోజే ఎక్కువ జాగ్రత్త

తల్లీ,

అల్లుడికి డెంగీ పాజిటివ్ అని నీ మెసేజ్ చూశాను. కంగారు పడకు, చాలామందికి ఇంట్లోనే తగ్గిపోతుంది, కానీ ఒక్క మాట మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకో. అసలు ప్రమాదం జ్వరం మండిపోతున్నప్పుడు కాదు, తగ్గాక. మూడో రోజు నుంచి ఏడో రోజు లోపల టెంపరేచర్ దిగుతుంది, అందరూ హమ్మయ్య అనుకుంటారు, సరిగ్గా ఆ తర్వాత 24 నుంచి 48 గంటల్లోనే కొందరికి రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోయి బీపీ పడిపోతుంది. అందుకే ఆ రెండ్రోజులు పక్కనే ఉండి కనిపెట్టుకో. కడుపులో బాగా నొప్పి, ఆగకుండా వాంతులు, చిగుళ్లలోంచో ముక్కులోంచో రక్తం, చేతులు కాళ్లు చల్లబడటం, మగతగా పడుండటం, యూరిన్ సరిగ్గా రాకపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు, అర్ధరాత్రి అయినా హాస్పిటల్‌కి తీసుకెళ్లిపో.

ఈ వైరస్‌ని చంపే మందంటూ లేదమ్మా. జ్వరానికి, ఒళ్లు నొప్పులకి పారాసెటమాల్ ఒక్కటే, అదీ డాక్టర్ చెప్పిన డోసులోనే. ఆస్పిరిన్, ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి ఎంత నొప్పున్నా వద్దు, రక్తస్రావం పెరుగుతుంది. ఓఆర్‌ఎస్ కొంచెం కొంచెంగా తాగిస్తూనే ఉండు.

ప్లేట్‌లెట్స్ తగ్గాయని అందరూ హడలిపోతారు గానీ రక్తస్రావం లేకపోతే కౌంట్ తగ్గినంత మాత్రాన వెంటనే ఎక్కించాల్సిన పని ఉండదు. రిపోర్ట్‌లో హెమటోక్రిట్ అని ఇంకో లైన్ ఉంటుంది, అది పెరుగుతోందంటే రక్తం చిక్కబడుతోందని అర్థం, దాని గురించి డాక్టర్‌ని తప్పకుండా అడుగు.

ఇంకోటి, జ్వరం ఉన్నన్నాళ్లూ అతన్ని పగలు కూడా దోమతెరలోనే పడుకోబెట్టు. ఈ దోమ కుట్టేది ఎక్కువగా పగలే, ఇప్పుడు అతన్ని కుట్టిన దోమ కొన్నాళ్లకి మీ ఇంట్లో మిగతావాళ్లకి అంటిస్తుంది. కూలర్, ఫ్రిజ్ వెనక ట్రే, కుండీల కింద ప్లేట్లు వారానికోసారి ఒంపేసి బ్రష్‌తో రుద్దాలి, ఎందుకంటే గుడ్లు అంచులకి అతుక్కుని నెలల తరబడి ఎండిపోయి ఉన్నా మళ్లీ నీళ్లు తగిలితే పిల్లలైపోతాయి. ఒకసారి వచ్చింది కదా ఇక రాదులే అనుకోకండి, ఈ వైరస్‌లో 4 రకాలున్నాయి, రెండోసారి వేరే రకం వస్తే ఇంకా సీరియస్ అయ్యే అవకాశం ఎక్కువ.

రేపటి రిపోర్ట్ రాగానే ఫొటో తీసి పంపు, యూరిన్ ఎన్నిసార్లు వెళ్లాడో కూడా రాసిపెట్టు.

మీ పెద్దమ్మ