క్యూబా స్టైలా, మెక్సికో స్టైలా?

ప్రశ్న: సార్, మా తమ్ముడు బాక్సింగ్ నేర్చుకుంటున్నాడు. క్యూబా స్టైల్ గొప్పదా, మెక్సికోదా అని ఇంట్లో రోజూ గొడవే, మీరే తేల్చండి. – ఓ పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: రెండూ గొప్పవే బాబూ, కానీ ఆట వేరు. క్యూబా వాళ్లది కాళ్ల మీద ఆట, దూరంగా తిరుగుతూ కొట్టి తప్పుకుంటారు, మూడు రౌండ్ల ఒలింపిక్స్‌కి అది బాగా పనికొస్తుంది, పైగా అక్కడ దశాబ్దాల పాటు ప్రొఫెషనల్ (డబ్బు కోసం ఆడే) బాక్సింగే నిషేధం కాబట్టి వాళ్ల హెవీవెయిట్ బాక్సర్ స్టీవెన్‌సన్ లాంటోడు అమెచ్యూర్‌గానే ఉండిపోయి ఒలింపిక్స్‌లో 1972, 1976, 1980ల్లో వరసగా మూడు గోల్డ్‌లు కొట్టాడు, ఎంత గొప్ప సంగతి! మెక్సికో వాళ్లు మీదకొచ్చేసి లివర్ మీద ఎడమ హుక్ (చెయ్యి వంచి పక్కనుంచి కొట్టే దెబ్బ) దించుతారు, పన్నెండు రౌండ్ల ఫైట్‌లో ఆ దెబ్బలు చివర్లో పనిచేస్తాయి, మెక్సికో చాంపియన్ చావెజ్ ఫైట్లు చూడండి. ఇప్పుడైతే నా ఓటు ఉజ్బెకిస్తాన్‌కే, 2024 పారిస్ ఒలింపిక్స్ బాక్సింగ్‌లో ఐదు గోల్డ్‌లు. మీ తమ్ముడికి ముందు ఫుట్‌వర్క్ రానివ్వండి, హుక్ సంగతి తర్వాత.